పాసు

సింధియా నుంచి ఐదుంపావు బండి.
మంగళవారం, గురువారం, శనివారం.
ఎడం పక్క మూడో సీటు, కిటికీ నాది.
నేను రోడ్డు దాటుతుంటే అద్దంలో చూసి
డ్రైవరు ఇంకో అర నిమిషం
ఇంజన్ని ఊరికే ఆడనిస్తాడు.

ఆవేళ కొత్త కండక్టరమ్మ.
పాసు తీసుకుని లైటుకి ఎత్తి చూసింది.
కొవిరి పోలరాజు, మల్కాపురం.
బొమ్మలో మీసం ఉంది, మెడ నిండుగా ఉంది,
ఇనపరాయి ధూళి కడుక్కుని
అప్పుడే క్రేను దిగొచ్చినవాడి మొహం.
బొమ్మనీ నన్నూ రెండు సార్లు చూసి
"కాళ్ళున్నాయి, కళ్ళున్నాయి,
నీకేటయింది బాబూ?" అంది.
కసురు కాదు. రోజుకి ఎన్ని దొంగ పాసులు పడతాయో ఆవిడకి.
వెనక సీట్లో ఎవరో నవ్వారు.

ప్లాస్టిక్ కవర్లో అన్నీ ఉన్నాయి,
పెద్దాసుపత్రి ముద్ర, చిన్న డాక్టరు సంతకం,
రోగం ఇంకా ఉందని ఏడాదికోసారి తెచ్చే కాయితం.
(పోయిన కిడ్నీ ఏ సంక్రాంతికో తిరిగొస్తుందని
ఆఫీసులో ఎవరికో ఆశ.)
కవరు విప్పలేదు.
చొక్కా చెయ్యి పైకి మడిచాను.
మోచేతి కింద నరం
లంగరు మోకులా ఉబ్బి మెలి తిరిగి ఉంటుంది.
"ముట్టుకోండి మేడం."

రెండు వేళ్ళు ఆనించి
షాకు కొట్టినట్టు తీసేసింది.
మళ్ళీ ఆనించింది.
జుమ్ముమని లోపల.
"ఇదేటి, బండి స్టార్టులో ఉన్నట్టుంది!"
అవును తల్లీ,
ఇది ఆగిన రోజు నా స్టాపు.

పక్కన మా పార్వతి.
ఆడాళ్ళకి సున్నా టికెట్టు కదా,
మిషను అయినా కాయితం కొట్టి ఇస్తుంది.
ఆ సున్నాని కూడా మడిచి పర్సులో పెడుతుంది తను.
ఊరికే వచ్చినదానికి లెక్క ఉండాలంటుంది.
మూడేళ్ళ సున్నాలు పోపుల డబ్బా వెనక
రబ్బరు బ్యాండేసి ఉన్నాయి.
పాసు రాక ముందు
ఆటోకి పోసింది లెక్కేస్తే
ఆమె మెడలోదే కనిపించదు.

కాన్వెంటు జంక్షను దాటుతుంటే
ఛానల్లో నీళ్ళు, నల్లగా, కదలకుండా, ఓడల కింద.
నాకు రోజుకి ముప్పావు లీటరు.
మందు మింగే గుక్క, టీ గుక్క, చారులో నీళ్ళూ అందులోనే.
ఇరవయ్యేళ్ళు ఈ నీళ్ళ పక్కనే పనిచేసి
ఏనాడూ వాటి వైపు చూడలేదు,
ఇప్పుడు కిటికీకి ముక్కు ఆనించి
ఉప్పు వాసన తాగుతాను.
దానికి కొలత రాయలేదు డాక్టరు.

పూర్ణామార్కెట్ దగ్గర జలాలుద్దీన్ ఎక్కేవాడు.
ఎక్కుతూనే తన బరువు చెప్పేవాడు,
"రెండు కిలోలు పెరిగాను భాయ్, నిన్న పుచ్చకాయ తిన్నా,
తిట్టకు."
మొన్న మాఘంలో పోయాడు.
వాళ్ళబ్బాయి పాసు తిరిగివ్వడానికెళితే
గడువింకా నాలుగు నెలలుంది,
మీ దగ్గరే ఉంచండి అన్నారట.
ఆ స్టాపులో ఇప్పటికీ
పార్వతి తన సంచి ఒళ్ళోకి తీసుకుంటుంది.

ఆసుపత్రి ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం
కాళ్ళున్నాయి అన్న మాట గుర్తొచ్చి
నవ్వొస్తుంది నాకు.
నాలుగుసార్లు ఆగుతాను. గోడ పట్టుకుంటాను.
నాలుగు గంటలు మిషనుకి రక్తం అప్పిచ్చి
మధ్యాహ్నం బండిలో ఒక్కోసారి నిలబడే వస్తాను.
వికలాంగులకు అని రాసిన సీట్లో
కూచున్న కుర్రాడు నన్ను చూస్తాడు, నా కాళ్ళు చూస్తాడు,
మళ్ళీ ఫోను చూసుకుంటాడు.
వాడి తప్పు కాదు.
రాసిన అక్షరాల్లో నేను ఎక్కడున్నానో
నాకే వెతుక్కోవాలి.

శనివారం ఆ కండక్టరమ్మే.
పాసు అడగలేదు. నా చేతి వైపు చూసి
"ఆడతందా?" అంది.
ఆడతంది అన్నాను.

అయినా పాసు తీశాను.
కిటికీ దగ్గర పట్టుకుని కూచున్నాను చాలాసేపు,
బొమ్మ బయటికి ఉండేలా.
ఆ మీసంవాడికి
హార్బరు కనిపించాలి కదా.